పోయే నీళ్ళు

భూమి కదిలినప్పుడు నేను పట్టుపురుగుల షెడ్డులో తట్టలు కడుగుతున్నాను. మిట్టమధ్యాహ్నం. గోడకు ఆనించిన తట్టలు టకటకలాడాయి, బకెట్లో నీళ్ళు వణికాయి, అంతే. ఏదో టిప్పరు పోయిందనుకున్నాను. బయట అరుగు మీదున్న మా మామ, అంటే మా ఆయన నాన్న, అరచెయ్యి నేలకు ఆనించి, "లోపల ఇప్పుడు యా షిఫ్టమ్మా?" అని అడిగాడు.

చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో ఏళ్ళ తరబడి పనిచేసి, గని మూసేశాక సుగటూరులోని ఈ పొలానికి తిరిగొచ్చిన మనిషి ఆయన. భూమి లోపల బండ పగిలి పైన ఇళ్ళు అదిరితే అక్కడ బర్స్ట్ అనేవాళ్ళట. ఇళ్ళల్లో మొదట అడిగే మాట, కింద ఉన్నది ఏ షిఫ్టని. తర్వాత పొయ్యి ఆర్పి గని గేటుకు పరుగు. నాకు నవ్వొచ్చింది. "గనే లేదు, ఇంగ షిఫ్టు యాడ ఉండాది మామా? కాఫీ కలిపేదా?" అన్నాను.

చిన్న భూకంపమేనని, పెద్ద లోతు కూడా లేదని సాయంత్రం టీవీలో చెప్పారు. మా ఊళ్ళో ఒక్క గోడ బీటివ్వలేదు. కానీ మర్నాడు కరెంటు రాగానే మోటారు వేస్తే, చిటికెన వేలంత కారే మా బోరు పైపు నిండా దూకింది. ఎర్రటి బురద నీళ్ళు, అయినా నీళ్ళే కదా! మల్బరీ తోటకు తడి చాలక ఆ ఎండాకాలం పురుగు తేవద్దనే అనుకున్నాం. ఇక చూడండి నా ఆనందం. పైపుకు పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టాను. చుట్టుపక్కల బోర్లూ అంతే. భూదేవి కళ్ళు తెరిచిందని ఊరంతా సంబరం.

మామ ఆ నీళ్ళు దోసిట్లో పట్టి చూసి పారబోశాడు. "బర్స్ట్ అయినంక లోపల ఇట్లే దూకుతాయమ్మా. బండ సందుల్లో నిలిచిన నీళ్ళు దావ దొరికి కారిపోతా ఉండాయి. ఇవి వచ్చే నీళ్ళు కాదు, పోయే నీళ్ళు. పురుగు తేవద్దండి."

నాకు ఒళ్ళు మండింది. "మంచి జరిగితే ఓర్వలేరా మామా? గని మూసేసినారు గానీ మీ నోరు మూయలేదు!" అనేశాను. మా ఆయన నన్ను గుర్రుగా చూశాడు. కానీ ఆయనా నీళ్ళ పక్షమే. ఎప్పుడూ తెచ్చేదానికి రెండింతలు పిల్లపురుగుల్ని తెచ్చాడు. తెమ్మన్నది నేను. మబ్బుల్లో నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకోవడమంటే ఇదే.

పట్టుపురుగు మేత మాని పొర విడిచే నిద్రను మేం జ్వరం అంటాం. నాలుగో జ్వరం లేచిన పురుగుకు ఎంత ఆకు వేసినా చాలదు. మావి లేచే వేళకు బోరు బుస్సుమని గాలి కక్కి ఆగిపోయింది. ఈరోజుకీ అంతే, చుక్క లేదు. ఎండకు తోట వడిలిపోయింది. ఆకు కొందామంటే ఎవరి దగ్గరుంది? ఊరంతా చేసింది ఒకటే తప్పు. పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఆకు కోసం వెతుక్కుంటుంటే చూడలేక, తలుపు మూసి బయట కూర్చుని ఏడ్చాను.

చివరికి వాటిని తట్టల్లో ఎత్తి తోట పక్క గుంతలో పోశాం. కొన్ని ఇంకా కదులుతూనే ఉన్నాయి. మామ పొద్దుటినుంచి షెడ్డు గుమ్మం దగ్గరే ఉన్నాడు. అన్నానికి పిలిచినా లేవలేదు. సిగ్గుతో నాకు మళ్ళీ కోపమొచ్చింది.

"నన్ను ఎత్తిపొడిచేకే కూర్చున్నారా?" అని అరిచాను.

"లేదమ్మా. షిఫ్టులో ఆఖరి మనిషి పైకి వచ్చేదంకా గేటు కాడ్నుంచి లేయకూడదు. నడిచొచ్చినా సరే, మోసుకొచ్చినా సరే."

లోపలికి పోయి మిగిలిన పురుగుల తట్ట ఎత్తుకొచ్చాను.

"అయిపోయిందా?" అన్నాడు.

"ఇదే ఆఖరు మామా."

అప్పుడు లేచి, తట్టకు రెండో పక్క పట్టుకున్నాడు.