భద్రాచలం రేవులో సగం గుండు

గోదావరి మీద లాంచీలు తిరిగే కాలంలో నా తలనిండా జుట్టుండేదంటే ఇప్పుడు మా మనవలు నమ్మరు. నాకే ఒక్కోసారి అనుమానం వస్తుంది. రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా వచ్చిపోయే లాంచీలో టికెట్లు కొట్టడం నా మొదటి ఉద్యోగం. వెనక జేబులో దువ్వెన, తలకు కొబ్బరినూనె, నన్ను మించిన అందగాడు లేడన్న ధీమా. సెలవు మాత్రం దొరికేది కాదు. అందుకని కల్లూరులో ఉండే మా మేనమామ నా పెళ్లిచూపులను లాంచీ మీదికే మార్చాడు. తల్లాడ నుంచి పిల్ల తరఫువాళ్లు వచ్చి భద్రాచలంలో ఎక్కుతారు, కూనవరంలో చుట్టాలింటికి వెళ్తున్నట్టుగా నన్ను చూసుకుంటారు. "పిల్లగాని జుట్టు చూస్తే చాలు, ఇంకేం అడగరు" అని చెప్పి మరీ వాళ్లను ఒప్పించాడట.

ఆ రోజు పాత ప్రయాణికులు దిగి కొత్తవాళ్లు ఎక్కే సందులో, గడ్డం గీయించుకుందామని ఒడ్డుకు దిగాను. రేవులో మొక్కులవాళ్లకు గుండ్లు చేసేవాళ్లు వరసగా కూర్చున్నారు. ఖాళీగా కనబడ్డ ఒకాయన ముందు కూర్చుని "గడ్డం, జల్దీ" అని కళ్లు మూసుకున్నాను. తల మీద చల్లగా నీళ్లు పడుతుంటే (ఇదేదో భద్రాచలం మర్యాద అనుకున్నాను, నా తెలివికి దండం పెట్టాలి) హాయిగానే ఉంది. కళ్లు తెరిచేసరికి నుదుటి నుంచి నడినెత్తి దాకా కత్తి బాట వేసేసింది.

"గడ్డం అన్న గదనే!" అని అరిచాను.

"గడ్డానికి ఈడికెవరొస్తరు తమ్మీ? కూసో, మల్లొస్త" అంటూ ఆయన పక్కన అప్పుడే వచ్చి కూర్చున్న తల దగ్గరికి వెళ్లిపోయాడు. గిరాకీ చేజారకుండా ఒక్కో తలకు ఒక్కో గీత గీసి కూర్చోబెట్టడం ఆయన పద్ధతట. అంతలో లాంచీ కూత వేసింది. దాన్ని నడిపే సరంగు ఎవరి కోసమూ ఆగే మనిషి కాదు. ఉద్యోగం, పెళ్లి రెండూ కలిసి కదిలిపోతున్నాయని తువ్వాల తలకు చుట్టుకుని పరుగెత్తాను.

పిల్లవాళ్లు ముందు బల్ల మీదే కూర్చున్నారు. టికెట్లు ఇస్తూ వాళ్ల దగ్గరికి వచ్చేసరికి తువ్వాలను ఇంకాస్త కిందికి లాక్కున్నాను. పిల్ల నాయనమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఆ తలగుడ్డ తియ్యరాదు బిడ్డా, మొఖం సక్కగ కానొస్తలేదు" అంది. తీయక తప్పలేదు. పిల్ల కొంగు నోట్లో కుక్కుకుంది. వాళ్ల నాన్న మాత్రం నవ్వలేదు.

"ఏంది గిది? ఏ పనైనా గిట్లనే సగంల ఇడిచిపెట్టొస్తవా?"

"కూత ఏసిండ్రండి. టికెట్లు కొట్టాలె గదా, ఉరికొచ్చిన" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

"డ్యూటీ కోసం నెత్తినే సగంల ఇడిచిపెట్టొచ్చిండు. ఇంకేం కావాలెరా నీకు?" అంది ముసలామె కొడుకుతో. తర్వాతి రేవులో చింతపండు బుట్టలు ఎక్కుతుండగా ఆయన నా చెయ్యి పట్టుకుని ఇసుకలోకి దింపాడు. సంచీలోంచి తన గడ్డం కత్తి తీసి, "కదలకు" అన్నాడు. పిల్లను పిలిచి అద్దం పట్టుకోమన్నాడు. పెళ్లిలో అల్లుడి కాళ్లు కడిగే మామలు అందరికీ ఉంటారు, పెళ్లికి ముందే తల గొరిగిన మామ నాకే దొరికాడు. అద్దంలో నున్నటి గుండు, అద్దం పైన నవ్వు ఆపుకోలేని రెండు కళ్లు. నేను చూసిన పెళ్లిచూపులు అంతే.

మామగారు ఇప్పుడు లేరు. ఆ అద్దం మాత్రం మా ఇంట్లోనే ఉంది. మిగిలిన నాలుగు వెంట్రుకలు దువ్వుకోవడానికి పొద్దున్నే దాని ముందు నిలబడతాను. "ఇంకేం దువ్వుతున్నవ్? మా నాయన ఎప్పుడో పూర్తి చేసిండు గద" అంటుంది మా ఆవిడ వెనక నుంచి. కళ్లు మసకబారి నా గుండు సరిగా ఆనదు గానీ, ఆ నవ్వు మాత్రం ఇంకా బాగా కనబడుతుంది.