రెండో టోకెను

తిరుమల కోపం వస్తే అరవదు, మెత్తగా మాట్లాడుతుంది. కరీంనగర్‌లోని మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆమె పక్క కుర్చీ నాదే కాబట్టి నాకు బాగా తెలుసు.

పెద్దపల్లి దగ్గరి ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే మనిషి. మా పని రైస్ మిల్లులకు టోకెన్ల యాప్ నడపడం. రైతు ఫోన్లో టోకెను తీసుకుంటే ఆ వరుసలో వడ్ల ట్రాక్టరు మిల్లుకు పోతుంది. కోతలప్పుడు జనం ఒక్కసారే ఎగబడితే యాప్ కూలబడేది. అందుకని మేనేజర్ భానుప్రసాద్ అసలు డేటాబేసుకు ఒక నకలు పెట్టించి, ముందర ప్రాక్సీ అనే ప్రోగ్రామును కూర్చోబెట్టాడు. రాసే పనులు అసలుకు, చూసే పనులు నకలుకు అదే పంచుతుంది. మంచి పనే. కాకపోతే రద్దీలో అసలులో రాసింది నకలుకు చేరడానికి పదిహేను సెకన్లు పట్టేది. ఈలోపు రైతు చూస్తే "మీకు టోకెను లేదు" అని కనిపించేది. మళ్లీ ఒత్తితే రెండో టోకెను పడేది.

"సార్, ఇప్పుడే టోకెను తీసినోళ్లకు ఒక్క నిమిషం అసలులకెల్లే చూపిద్దాం. ప్రాక్సీల ఒక్క రూలు పెడితే అయిపోతది," అని తిరుమల మూడుసార్లు చెప్పింది. అసలు మీద మళ్లీ బరువు పడుతుందని ఆయన వినలేదు. పైగా, రెండు టోకెన్లు తీసినవాళ్లు దొంగలేనని, రెండూ రద్దుచేసి సీజనంతా బంద్ పెట్టించాడు.

అలా బంద్ అయినవాళ్లలో తిరుమల తల్లి ఐలవ్వ ఒకతె. టోకెను లేదని కనబడితే మళ్లీ ఒత్తింది, ఎవరైనా ఒత్తుతారు. మర్నాడే వాన మొదలైంది, వడ్లు కల్లంలోనే నానుతున్నాయి. తిరుమల బతిమాలింది.

"రూలంటే రూలే. మీ అవ్వయితే ఏంది, మా అవ్వయితే ఏంది?" అన్నాడు భానుప్రసాద్.

"నిజమే సార్," అంది మెత్తగా.

ఐదు రోజుల తర్వాత యాప్ చూడటానికి మిల్లు ఓనర్లు వస్తున్నారు. "టోకెన్లు ఇడిసే టైంకే, మీ ఫోన్ల మీరే తీసి చూపెట్టున్రి సార్. మీకు గూడ పొలమున్నది గదా," అని సలహా ఇచ్చింది. ఆయన పొంగిపోయాడు. ఈ లోపం సంగతి మేమిద్దరం ఓనర్లకు ముందే చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. ఆయన తవ్విన గోతిలో ఆయనే పడాలనుకున్నాం. ఆ ఐదు రోజుల్లో ఇంకో పదకొండు మంది బంద్ అయ్యారు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

ఆరోజు పదింటికి, టోకెన్లు వదిలే వేళకు, గోడ మీది తెర నిండా భానుప్రసాద్ ఫోనే. ఒత్తాడు. "మీకు టోకెను లేదు." ఓనర్లు ముందుకు వంగారు. తిరుమల నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. మళ్లీ ఒత్తాడు. నిమిషంలో ఎర్రక్షరాలు వచ్చాయి: "రెండు టోకెన్లు తీశారు. ఈ సీజనుకు మీరు బంద్."

"ఏం సారూ, మీరు గూడ దొంగలేనా?" అని పరశురాములు అనే ఓనరు పగలబడి నవ్వాడు. నా కడుపు చల్లబడింది, దాచుకోవడం ఎందుకు?

"తప్పు సిస్టంలున్నది, నాది గాదు!" అని అరిచాడు భానుప్రసాద్.

"గీ మాట మా అవ్వకు గూడ చెప్పున్రి," అని తిరుమల ఫోన్ కలిపి స్పీకర్ పెట్టి ఆయన ముందుంచింది. ఓనర్లందరూ చూస్తున్నారు.

"అవ్వా, తప్పు మాదే. మీ బంద్ తీసేస్తున్నం. ఇయ్యాలనే టోకెనిస్తం," అన్నాడు నీళ్లు నములుతూ.

"ఇయ్యి బిడ్డా," అంది ఐలవ్వ. "వడ్లన్ని మొలకలొచ్చినయ్, నిన్ననే బర్లకు పోసిన. ట్రాక్టర్ల ఏమేసుకొని రావాలె?"