ప్రార్థన వేళ గేటు తీసినందుకు

1978 వేసవిలో నన్ను గుడివాడ డిస్పెన్సరీ నుంచి బందరులోని ఒక మిషన్ ఆసుపత్రికి క్యాజువాలిటీ ఇన్‌ఛార్జి సిస్టర్‌గా వేశారు. దాని పేరు చెప్పను. అంతకు ముందు ఏడాది ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది. మంచినీళ్ళ బావులన్నీ చెడిపోయాయి. ఎండలు ముదిరేసరికి నాగాయలంక వైపు నుంచి వాంతులు, విరేచనాల కేసులు బస్సుల్లో వస్తూనే ఉండేవి.

మా ఉద్యోగాల్లో మెట్లుంటాయి. స్టాఫ్ నర్సు పని చేస్తుంది, ఇన్‌ఛార్జి సిస్టర్ చేయిస్తుంది, మేట్రన్ ఎందుకు కాలేదని అడుగుతుంది. అందరిమీదా సెక్రటరీ అయ్యగారు. ఆయన పాస్టరు, వైద్యం తెలీదు. పొద్దున్నే అరగంట ప్రార్థన ఆయన పెట్టిన నియమం. వార్డుకొక ఆయా తప్ప డ్యూటీ డాక్టరుతో సహా అందరం ప్రార్థన గదిలో ఉండాలి. ఆ అరగంటా వీధి గేటుకు గొలుసు వేసేవారు. ముందు ప్రభువు దగ్గర నేర్చుకుంటేనే కదమ్మా, తర్వాత రోగుల్ని చూసేది, అనేవారు. ఆ మాట నాకూ నచ్చేది, అబద్ధమెందుకు! మా అమ్మ నన్ను నర్సింగుకు పంపుతూ చెప్పిందీ అలాంటిదే. ఎటూ తోచనప్పుడు యేసయ్య ఎటు నడిచాడో చూసుకో, అటే నడువు అంది.

ఒకరోజు అయ్యగారు ప్రార్థన చేస్తుండగా గేటు బాదుతున్న చప్పుడు. "సిస్టరమ్మా! బిడ్డ పోయేట్టుందమ్మా, తియ్యండమ్మా!" బస్టాండు నుంచి మాకు కేసుల్ని తెచ్చే రిక్షా మస్తాన్ గొంతు అది. అయ్యగారు ప్రార్థన ఆపలేదు, గొంతు పెంచారు. నేను లేచి, కేసు వచ్చిందండీ అని డాక్టరుతో అన్నాను. కుర్రవాడు, కొత్తగా చేరాడు. అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు కళ్ళు తెరవకుండానే కూర్చోమని చేత్తో సైగ చేశారు. డాక్టరు కదల్లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి గొలుసు తీశాను.

సముద్రంలో చేపలు పట్టుకు బతికేవాళ్ళు. తల్లి పేరు నాంచారమ్మ. చంకలో ఏడాది పిల్ల. మాడు లోపలికి పోయింది. పొట్టమీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడింది. అంటే ఒంట్లో నీరు లేదన్నమాట. డాక్టరు ఆర్డరు లేకుండా నర్సు సెలైన్ ఎక్కించకూడదు. మా వృత్తిలో అది చిన్న తప్పు కాదు. కానీ ఆర్డరు రాసే చేతులు లోపల జోడించి ఉన్నాయి. పిల్ల చేతుల్లో నరం దొరకలేదు. తలమీద కాస్త జుట్టు గొరిగి, అక్కడి నరానికి సన్న సూది పెట్టాను.

"బతుకుద్దా అమ్మా? ఉప్పెన్లో ఇద్దరు పోయారు. ఇదొక్కతే మిగిలింది" అని నాంచారమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"బతుకుద్ది. ముందు నా చెయ్యి వదులు" అన్నాను.

ఆమేన్ అన్నాక డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. ఎక్కుతున్న సెలైన్ చూసి, కేసుషీటు మీద సంతకం పెట్టాడు. సాయంత్రానికి పిల్ల ఉచ్చ పోసింది. ఆ జబ్బులో అంతకు మించిన శుభవార్త లేదు.

మర్నాడు మెమో వచ్చింది. ఆర్డరు లేకుండా సెలైన్ పెట్టినందుకే అనుకున్నాను. అడిగితే తల వంచుకుని సమాధానం చెప్పేదాన్ని. దాని ఊసే లేదు! ప్రార్థన మధ్యలో లేచినందుకు, అనుమతి లేకుండా గేటు తీసినందుకు అందరి ముందూ క్షమాపణ చెప్పాలట. ఏ పనీ చేయకూడని విశ్రాంతి దినాన, చెయ్యి ఎండిపోయిన ఊచచెయ్యి వాణ్ణి బాగు చేసినప్పుడు ప్రభువు ఎవరి అనుమతి తీసుకున్నాడండీ అని అయ్యగారిని అడిగాను.

"నాకే వాక్యం నేర్పుతున్నావా?" అన్నారు.

"నేర్పడం లేదండీ. మీరు చెప్పిందే చేశాను" అన్నాను.

క్షమాపణ చెప్పలేదు. స్టాఫ్ నర్సుగా మెట్టు దించి, మళ్ళీ గుడివాడ పంపారు.

క్రిస్మస్‌కు ముందు బందరులో పెద్ద కూడిక జరిగితే గుడివాడ నుంచి నేనూ వెళ్ళాను. అయ్యగారు వేదిక ఎక్కి సాక్ష్యం చెప్పారు. మేమంతా మోకాళ్ళమీద ఉండగా చావుబతుకుల్లో ఉన్న బిడ్డ వచ్చింది, మేము ప్రార్థన ఆపలేదు, ప్రభువు ఆ బిడ్డను బతికించాడు అన్నారు. జనమంతా హల్లెలూయ అన్నారు. నా పక్కన కూర్చున్న మేట్రన్ నన్ను చూసి నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అనలేదు. మెమో అందుకున్నప్పుడు రాని ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది. వాళ్ళముందు ఏడవడం ఇష్టం లేక లేచి బయటికి వచ్చేశాను.

రిటైరయ్యేదాకా ఇన్‌ఛార్జి పోస్టు మళ్ళీ రాలేదు. యేసయ్య అడుగుజాడల్లో నడిస్తే ఆయన మనుషులంతా మెచ్చుకుంటారని మా అమ్మ నమ్మకం. అది తప్పని నా ఉద్యోగం నేర్పింది. ఆయన నడిచిన దారినే నడిచాను. గుడి పెద్దలంతా కలిసి ఆయన్ని సిలువకు అప్పగించారు, నాకు మెమో ఇచ్చారు. నేను చవగ్గానే బయటపడ్డాను.