నేల లోపలి శెనక్కాయ

2023 సెప్టెంబరు. హిందూపురంలో ఒక స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్లో ట్రైనర్‌గా చేరి నాలుగు నెలలయింది. బెంగళూరులో పెరిగినవాణ్ణి. చెప్పిందే రెండోసారి చెప్పాలంటే ఒళ్లు మండుతుంది. క్లాసులో కూడా ఫోన్ చేతిలోంచి దిగదు.

రత్నమ్మక్క పరిగి నుంచి బస్సులో వచ్చేది. శెనక్కాయ రైతు, నలభై దాటాయి, ఎప్పుడో ఇంటర్ చదివింది. పెనుకొండలో ఒక విత్తనాల కంపెనీ, ఊళ్లలో రైతులకు సలహాలు చెప్పేవాళ్లను తీసుకుంటోంది. ఇంటర్వ్యూ చేసేది విదేశీ అధికారి. ఆ ఉద్యోగం వస్తే, ఆరేళ్లుగా బెంగళూరులో వాచ్‌మన్‌గా ఉన్న ఆమె భర్త ఇంటికి వచ్చేయొచ్చు.

ఆ ఇంటర్వ్యూకు రెండు రోజుల ముందు మాక్ ఇంటర్వ్యూ పెట్టాను. అంటే అసలుదానికి ముందు చేసే ఉత్తుత్తి ఇంటర్వ్యూ. ఏం చేస్తారని అడిగితే ‘ఐ గ్రో గ్రౌండ్‌నట్’ అనాలి. ఆమె మాత్రం ‘గ్రౌండ్‌నట్ గ్రోస్. ఐ లుక్ ఆఫ్టర్’ అంది. శెనక్కాయ పెరుగుతుందట, తను చూసుకుంటుందట!

“ఐ గ్రో అనక్కా.”

“అట్ల అనగూడదప్పా.”

“ఎందుకు?”

“పైన ఆకు పచ్చగా ఉంటాది. లోపల కాయ ఉండాదో లేదో ఎవురికి తెలుసు? పీకి, ఎండబెట్టి, ఇంటికొచ్చేదాకా ‘నేను పండించినా’ అని మా ఇండ్లల్లో ఎవురూ అనరు. మా అవ్వ వింటే చెంప పగలగొడ్తాది.”

“ఇంటర్వ్యూ చేసేది మీ అవ్వ కాదు!” అని అరిచాను.

“ఏమబ్బా, నీ మొగం టమోటా మాదిరి పండింది. అది కూడా నేనే గ్రో చేసినా అనల్లనా?”

క్లాసంతా నవ్వింది.

ఆమెది తప్పని చూపించడానికే ఫోన్ తీసి ఆ మాట పుట్టుక వెతికాను. చదువుతుంటే కోపం ఎటు పోయిందో తెలీదు. గ్రో, గ్రాస్, గ్రీన్ మూడూ ఒకే వేరు నుంచి వచ్చాయట. గ్రో అంటే మొదట్లో మొక్క చిగురించడం, పచ్చబడటం. మనుషులూ పశువులూ ఎదగడానికి ఎక్కువగా వేరే మాట వాడేవాళ్లట. మనిషి పంటను ‘నేను గ్రో చేస్తాను’ అనడం వందల ఏళ్ల తర్వాతే మొదలైంది. సముద్రాల అవతలి పాత రైతులూ, పరిగి అవ్వలూ ఒకరి మొగం ఒకరు చూడకుండానే ఒకే మాట అన్నారు! రోజూ నేర్పే మాట నాకే తెలియదు.

“అట్లే చెప్పక్కా” అన్నాను.

“మళ్లీ అరవ్వు కదా?”

ఇంటర్వ్యూ రోజు నేనూ పెనుకొండ వెళ్లి గేటు బయట నిలబడ్డాను. రెండు గంటలకు బయటికొచ్చింది.

“ఏం చెప్పావు?”

“అదే. ఆయప్ప పెన్ను పక్కన పెట్టి, లోపల కాయ ఉండాదని నీకెట్ల తెలుస్తాదని అడిగినాడు. ఇంగ్లీషు అయిపోయేదాకా ఇంగ్లీషులో, మిగిలింది చేతులతో చెప్పినా.”

“అయితే ఉద్యోగం వచ్చినట్టే!”

“ఇంటికి రానీ అప్పా. అప్పుడు చెప్తా.”

పదిహేను రోజులకు వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. గడపలో సంచీ దించి, ఉద్యోగం కాగితం పట్టుకుని ఆమె భర్త నవ్వుతున్నాడు.

వెంటనే స్టేటస్ పెట్టబోయాను. ‘నేను తయారుచేసిన స్టూడెంట్’ అని టైప్ చేసి, ఒకసారి చూసుకుని చెరిపేశాను. ‘రత్నమ్మక్కకు ఉద్యోగం వచ్చింది’ అని మాత్రం పెట్టాను.

ఇప్పుడు ధర్మవరంలో పాఠాలు చెబుతున్నాను. కోపం తగ్గలేదు. కానీ ఎవరు బాగుపడినా, నేను చేశానని మాత్రం అనను. పక్కన ఉండి చూసుకున్నాను, అంతే.