పదకొండు పాయింట్ల రక్తం

అన్నయ్య నా కుడిచేతి చూపుడు వేలు విరగ్గొట్టిన రోజున ఆయన రక్తం పదకొండు పాయింట్ రెండు. ఆ అంకె మరిచిపోవడం నా వల్ల కాదు. రిపోర్టు ఆ ఉదయమే తెచ్చాను. రెండున్నర నెలల కిందట ఏడు పాయింట్ ఎనిమిది ఉన్న మనిషి ఆయన. కాగితం చూపించి మెప్పు పొందుదామని వంటింట్లోకి వెళ్ళాను.

అన్నయ్య వదిన మెడ పట్టుకుని ఆమె తలని గోడకేసి కొడుతున్నాడు. గోడ మీద సున్నం రాలి ఆమె జుట్టులో పడుతోంది. జుట్టు తడిగా ఉంది. ఆ తడి నీళ్ళది కాదని దగ్గరికి వెళ్ళాక తెలిసింది. ఆయన భుజం పట్టి లాగాను. వదిన జారి కింద కూర్చుండిపోయింది. నేను గట్టు మీద చెయ్యి ఆన్చి ఆమెను లేపబోయాను. ఆయన పచ్చడిబండ అందుకుని ఒకే ఒక్క దెబ్బ వేశాడు. ముందు చప్పుడు వినపడింది. నొప్పి తర్వాత వచ్చింది.

"ఇద్దరూ కలిసి నాకు విషం పెడుతున్నారు! లెక్క వేసి మరీ పెడుతున్నావు కదరా!" అని అరిచాడు.

అందులో సగం నిజం. లెక్క వేసే పెట్టాను.

నాకు చదువు పెద్దగా లేదు. తిరువూరులో లారీ కాటా దగ్గర ఇరవై రెండేళ్ళుగా పని. ఎ.కొండూరు వైపు నుంచి పత్తి, వేసవిలో మామిడి వస్తాయి, బరువు చూసి చీటీ రాసిస్తాను. లెక్కలు నా అంతట నేను నేర్చుకున్నవే. ఇంట్లో కూడా అదే అలవాటు: ఎవరికి జ్వరం వచ్చినా పూటపూటకీ ఎంత ఉందో నోటుబుక్కులో రాస్తాను. అన్నయ్య నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. గంపలగూడెం దాటాక ఒక చిన్న ఊళ్ళో శివాలయంలో అర్చకుడు. రోజూ షేర్ ఆటోలో వెళ్ళి వస్తాడు. ఇంట్లో ఒక వాటాలో ఆయనా వదినా, ఇంకో వాటాలో నేను.

ఈ గొడవకు నాలుగేళ్ళ ముందు అన్నయ్యా వదినా కాశీ వెళ్ళారు. కాశీలో ఒక కాయో, పండో వదిలేసి రావాలి. మళ్ళీ జన్మలో ముట్టకూడదు. మావాళ్ళు చాలామంది తమకు నచ్చనిదే చూసుకుని వదులుతారు. మా మేనత్త కాకరకాయ వదిలి వచ్చి, ఊరంతా చెప్పుకుంది. అన్నయ్యకు అది నచ్చలేదు.

"అక్కర్లేనిది ఇచ్చి వస్తే అది దానం కాదు, చెత్త ఎత్తిపోసినట్టు," అని పాలు, పెరుగు వదిలేశాడు. మజ్జిగ కూడా. మూడు పూటలా పెరుగన్నం తినే మనిషి! గుడిలో లింగానికి లీటర్ల కొద్దీ పాలూ పెరుగూ పోసి, భక్తులకు పంచామృతం పంచి, తాను మాత్రం ఉత్త నీళ్ళ తీర్థం పుచ్చుకునేవాడు. మా ఇంట్లో గుడ్డు ఎలాగూ రాదు. ఇక ఆయన ఒంట్లోకి బి12 అనే విటమిన్ వచ్చే దారి ఒక్కటీ మిగల్లేదని అప్పుడు ఎవరికి తెలుసు?

మూడేళ్ళు ఏమీ కాలేదు. నాలుగో ఏడు మొహం పాలిపోయింది. నాలుక గీతల్లేకుండా నున్నగా, ఎర్రగా అయింది. మెట్లు ఎక్కితే ఆయాసం. ఊళ్ళో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. రక్తం తక్కువ, ఉన్న కణాలు కూడా ఉండాల్సిన దానికంటే పెద్దవి అని చెప్పి రెండు మందులు రాసింది: ఫోలిక్ యాసిడ్ మాత్రలు, బి12 ఇంజెక్షన్లు.

"రెండూ కలిపే. మాత్ర ఒక్కటే వెయ్యొద్దు. కాళ్ళూ చేతులూ మొద్దుబారితే వెంటనే రండి," అంది.

నా నోటుబుక్కులో ఆ రోజు అంకెలన్నీ ఉన్నాయి. ఈ మాటలు లేవు.

మందుల షాపులో అన్నయ్య ఇంజెక్షన్ సీసా చేతిలోకి తీసుకున్నాడు. లోపల మందు ఎర్రగా ఉంది.

"ఇది లివరుతో చేస్తారా?" అన్నాడు. మా నాన్నగారి రోజుల్లో నీరసానికి లివరు ఇంజెక్షన్లు పొడిచేవారు. అది ఆయన మనసులో ఉంది.

"ఒకప్పుడు అలాగే చేసేవారంటండీ పంతులుగారూ. ఇప్పటి సంగతి నాకు తెలీదండి," అన్నాడు షాపతను.

అన్నయ్య సీసాను కౌంటరు మీద పెట్టి, చేతులు కడుక్కోడానికి నీళ్ళు అడిగాడు.

"మరి ఆ మాత్ర?" అన్నాడు నాతో.

"ఆకుకూరల్లో ఉండేదే అన్నయ్యా."

"ఆకు అయితే వేసుకుంటాను."

నేను సరేనన్నాను. డాక్టరమ్మకు చెప్పలేదు. వదినకూ చెప్పలేదు. మాత్రతో అంకె పెరిగితే ఇక సూది ఎందుకని నా లెక్క. అంకె పెరిగింది. తొమ్మిది పాయింట్ ఒకటి, పది పాయింట్ నాలుగు. మొహంలోకి రంగు వచ్చింది. ప్రతి రిపోర్టుకీ నేను పొంగిపోయాను.

ఆ మధ్యలోనే హారతి పళ్ళెంలో కర్పూరం ఆయన రెండు వేళ్ళు కాల్చింది. చర్మం ఉబ్బి నీరు కారుతుంటే భక్తులు చెప్పేదాకా ఆయనకు తెలీదు.

"అబ్బాయ్, మీ అన్నయ్య కాలి నుంచి చెప్పు ఊడిపోయినా అలాగే నడిచి వచ్చేస్తున్నారు," అంది వదిన.

"రక్తం పడుతోంది కదా వదినా, అన్నీ సర్దుకుంటాయి," అన్నాను.

తర్వాత అనుమానాలు మొదలయ్యాయి. అన్నంలో ఏదో కలిపారని కంచం విసిరేవాడు. ఒకరోజు గుడిలో, తీర్థం పుచ్చుకుంటూ నవ్విందని ఒక పెద్దావిడ నుదుటి మీద గంటతో కొట్టాడు. ఆవిడ కొడుకులు ఆయనను మంటపం స్తంభానికి కట్టేసి కొట్టారు. ఆటోలో ఇంటికి తెచ్చేసరికి చేతులు ఆయన ఉత్తరీయంతోనే కట్టి ఉన్నాయి. పెదవి చీలి ఉంది. ఒక పన్ను పంచె మీద పడి ఉంది.

అది జరిగిన ఎనిమిదో రోజునే వంటింట్లో పచ్చడిబండ. వదిన తలకు ఆరు కుట్లు, నా వేలికి కట్టు. ఆయనను గదిలో పెట్టి గడియ వేశాం. తలుపును తన్నుతూనే ఉన్నాడు.

"ఇంకోసారి ఆయన చెయ్యి లేస్తే నేను ఈ ఇంట్లో ఉండలేను అబ్బాయ్," అంది వదిన. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు. ఆయన మనిషిగా తిరిగి వస్తాడా, లేక ఆమె వెళ్ళిపోతుందా అన్నదే ఇక మా ఇంట్లో మిగిలిన ప్రశ్న.

మర్నాడు పొద్దున్న వదిన తమ్ముడు ఒక భూతవైద్యుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. వద్దనే ధైర్యం నాకు లేకపోయింది. అన్నయ్యను నవారు మంచానికి బోర్లా కట్టారు. ఆ మనిషి పచ్చి చింత బరికెలు నీళ్ళలో తడిపి వీపు మీద మొదలుపెట్టాడు. మొదటి దెబ్బకు చర్మం మీద వాత తేలింది, నాలుగో దెబ్బకు చర్మం చిట్లింది. అన్నయ్య గొంతు పగిలేలా అరిచాడు. రక్తం జంధ్యం పొడుగునా పాకింది. వదిన చెవులు మూసుకుని వసారాలోకి వెళ్ళిపోయింది. నేను గోడకు ఆనుకుని లెక్కపెడుతున్నాను. వీపు మీద ఇరవై ఆరు.

తర్వాత అతను అరికాళ్ళ మీదికి వచ్చాడు. ఒకటి, రెండు, మూడు. అన్నయ్య అరవడం లేదు. ఏడు, ఎనిమిది. కాలు వెనక్కి లాక్కోవడం లేదు. అరికాలు చారలు చారలుగా చీలుతోంది. ఆయన మొహం పక్కకు తిప్పి గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. పంతొమ్మిది దాకా లెక్కపెట్టాను.

"చూశారా? అరికాలు మీద కొడితే ఎంతటివాడైనా ఏడవాలి. పట్టింది మామూలుది కాదు," అన్నాడు భూతవైద్యుడు.

కాళ్ళూ చేతులూ మొద్దుబారితే వెంటనే రండి. నోటుబుక్కులో రాయని ఆ మాట అప్పుడు గుర్తొచ్చింది.

నా జేబులో కాటా చీటీలకు గుచ్చే గుండుసూది ఉంది. వెళ్ళి ఆయన బొటనవేలి చివర సగం దాకా దించాను. చుక్క రక్తం వచ్చింది, మంచి ఎర్రటి రక్తం. అన్నయ్య తిరిగి కూడా చూడలేదు.

భూతవైద్యుడు మళ్ళీ బరికె ఎత్తాడు. నేను ఎడమచేత్తో దాన్ని లాక్కుని అతని మొహం మీద కొట్టాను. చెంప చీలింది. ఇంకోటి కొట్టాను. అది మెడ మీద పడింది.

"బావా, నీకూ పట్టిందా ఏంటి?" అని అరిచాడు వదిన తమ్ముడు, నన్ను వెనక నుంచి పట్టుకుని.

"నాకు పట్టి రెండున్నర నెలలయింది," అన్నాను.

అటునుంచి అటే డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తి కాళ్ళ సంగతి చెప్పాను. ఆవిడ ఒకే మాట అడిగింది. "ఎన్ని ఇంజెక్షన్లు అయ్యాయి?"

"ఒక్కటీ చేయించలేదండి."

ఆవిడ చేతిలోని పెన్ను బల్ల మీద విసిరికొట్టింది. ఆ తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. నాకు అర్థమయింది మాత్రం నా కాటా భాషలోనే.

ఒంట్లో ఒక్కొక్క కర్బన పరమాణువును ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసే పని ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. కొత్త కణం పుట్టాలన్నా, నరాల చుట్టూ ఉండే పూత నిలవాలన్నా, బుర్ర సరిగా పనిచెయ్యాలన్నా ఆ ఒక్క కర్బనం చేరాల్సిన చోటికి చేరాలి. దాన్ని మోసే లారీ ఫోలేట్, అంటే అన్నయ్య వేసుకున్న ఆ ఆకు మాత్ర. యార్డులో దాన్ని దించుకునే ముఠా కూలీ బి12. దించిన సరుకును హోమోసిస్టీన్ అనే దానికి కలిపితే మెథియోనిన్ తయారవుతుంది. నరాలకు కావలసిన కర్బనం అందులో నుంచే అందుతుంది. మిగిలిపోయిన హోమోసిస్టీన్‌ను వేరే దారిన బయటికి పంపే పని బి6 అనే ఇంకో విటమిన్‌ది. కూలీ రాకపోతే లారీలన్నీ సరుకుతో అలాగే నిలబడిపోతాయి. ఖాళీ అయితే గాని ఇంకో పనికి పోలేవు. అప్పుడు రక్తకణాలు పుట్టడం ఆగిపోతుంది. అన్నయ్య మొదట పాలిపోయింది అందుకే.

నేనేం చేశాను? రోజుకో మాత్ర చొప్పున కొత్త లారీలు పంపాను. అవి నిలబడిపోయే ముందు ఒక్కో ట్రిప్పు వేశాయి. ఆ ట్రిప్పుతో రక్తం పుట్టింది. అంకె పెరిగింది. యార్డులో కూలీ మాత్రం లేడు. నరాల పూతకు ఏదీ అందలేదు. అది ఊడుతూనే ఉంది, కాళ్ళలో, వెన్నులో, తలలో. పాలిపోయిన మొహమే ఉండి ఉంటే మూడో వారానికే మళ్ళీ ఆవిడ దగ్గరికి పరిగెత్తేవాణ్ణి. ఆ మొహానికి నేనే రంగు వేసి కూర్చున్నాను.

మధ్యాహ్నం డాక్టరమ్మ పంపిన నర్సమ్మ ఇంటికి వచ్చింది. అన్నయ్యకు సీసా కనపడింది.

"బ్రాహ్మణ్ణి కట్టేసి కాలేయం ఎక్కిస్తార్రా! నీ వంశం నాశనమైపోను!"

"మనది ఒకటే వంశం అన్నయ్యా," అన్నాను, మోకాలితో ఆయన చెయ్యి నొక్కిపెట్టి. ఆయన నా భుజం కొరికాడు. చొక్కాతో సహా కండ ఆయన పళ్ళ మధ్యకు పోయింది. వదిన, తలకు కట్టుతో, ఆయన తలను తన ఒళ్ళో గట్టిగా అదిమి పట్టుకుంది.

"పొడవండి. పాపముంటే నాకు రానీ," అంది.

ఏడు రోజులు ఇదే. రోజుకో సూది, రోజూ కుస్తీ. ఎవరి ఒంటి మీద చూసినా గాయాలే. ఆరో రోజున ఆయన అంతగా పెనుగులాడలేదు. ఏడో రోజు సాయంత్రం వదిన అన్నం తినిపిస్తుంటే ఆమె కట్టు వైపు చూశాడు.

"నీ తలకేమైంది?"

వదిన ముద్ద చేతిలో ఉండగానే ఆగిపోయింది. "గడప తగిలి పడ్డానండీ," అంది.

తొమ్మిదో రోజున ఆయనను కట్టిన తాళ్ళు విప్పేశాం. పదో రోజు నేను అన్నీ చెప్పేశాను: డాక్టరమ్మ రెండూ ఇమ్మన్న సంగతి, నేను ఒకటి మాన్పించి ఊరుకున్న సంగతి.

"వద్దన్నది నేనే కదరా," అన్నాడు.

"నువ్వు వద్దన్నావు. నేను దాచాను." తర్వాత, ఆయన భయం తీరుద్దామని అన్నాను, "ఇప్పుడు లివరుతో చెయ్యరు అన్నయ్యా. తొట్లలో సూక్ష్మజీవుల్ని పెంచి వాటితో తయారుచేస్తారు. తోడు పెడితే పాలు పెరుగైనట్టే అనుకో."

ఆయన మొహం మారిపోయింది. "పెరుగా? కాశీలో వదిలాను కదరా."

నా నోరు నేనే కొట్టుకోవాలనిపించింది. ఇకనుంచి వారానికొకటి, తర్వాత నెలకొకటి, బతికినంతకాలం ఈ సూది పడాలి. ఆపితే మళ్ళీ అదే మనిషి. మళ్ళీ కట్టేసి పొడుస్తామా?

"పెరుగు కాదు, ఊరికే పోలిక..." అన్నాను.

"విశ్వనాథుడి ఎదుట ఇచ్చిన మాట. పోయేది ప్రాణమే కదా, పోనీ."

అంతసేపూ గుమ్మంలో నిలబడి ఉన్న వదిన లోపలికి వచ్చింది. ఆయన ఎదురుగా కింద కూర్చుంది. కట్టు విప్పి తల వంచింది. గొరిగిన చోట ఆరు కుట్లు. జడ పక్కకు తీసి మెడ చూపించింది. నాలుగు వేళ్ళ మచ్చలు, పచ్చబడి, ఇంకా పోలేదు.

"ఇది గడప కాదండీ," అంది.

అన్నయ్య చెయ్యి చాచాడు. కర్పూరానికి కాలిన, మొద్దుబారిన వేళ్ళు. ఒక్కో వేలూ ఒక్కో మచ్చ మీద పెట్టి చూసుకున్నాడు. నాలుగూ సరిపోయాయి. చెయ్యి వెనక్కి తీసుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

"ఆ నర్సమ్మను రమ్మను," అన్నాడు నాతో. "ఏ భుజానికి పొడుస్తుంది?" అని అడిగాడు.

అది రెండేళ్ళ కిందటి మాట. బుద్ధి పూర్తిగా తిరిగి వచ్చింది. కాళ్ళు రాలేదు. ఆలస్యమైన దానికి అంతే వస్తుంది అంది డాక్టరమ్మ. కళ్ళు మూసుకుని నిలబడితే పడిపోతాడు, ఎందుకంటే నేల ఎక్కడుందో ఆయన కాళ్ళకు తెలీదు, కళ్ళే చెప్పాలి. గుడికి మళ్ళీ వెళ్తున్నాడు. ఆ పెద్దావిడ కాళ్ళకు దణ్ణం పెట్టాకే గంట ముట్టుకున్నాడు. ధ్యానశ్లోకం చదివేటప్పుడు అందరూ కళ్ళు మూసుకుంటారు. ఆయన స్తంభాన్ని ఒక చేత్తో పట్టుకుని కళ్ళు తెరిచే చదువుతాడు.

పెరుగు ముట్టలేదు. నెలకొకసారి కాటా దగ్గర ఆటో దిగి, చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ వస్తాడు. ఇద్దరం కలిసి నర్సమ్మ దగ్గరికి వెళ్తాం. ఎన్నో సూదో నేను చెప్పబోతే ఆపేస్తాడు.

"నువ్వు లెక్కపెట్టకురా. ఇది నేను లెక్కపెట్టుకుంటాను."