అత్త ఇంటికి వచ్చిన కొనుగోలుదారులు

బనగానపల్లెలో నేను పాఠాలు చెప్పే ప్రైవేటు బడి మూతపడ్డాక, ప్లాట్లు అమ్మే ఆఫీసులో ఏజెంటుగా చేరాను. మా మేనేజరు నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు. ఈ రోజుల్లో కాళ్లరిగేలా తిరగనక్కర్లేదని, ఫోన్‌లో వీడియో పెడితే జనమే వెతుక్కుంటూ వస్తారని మొదటిరోజే చెప్పాడు.

ఆ వీడియో తీయడానికి నాకు మూడు రోజులు పట్టింది. బడి అలవాటు పోక ప్రతి మాటా రెండుసార్లు చెప్పి, చివర "అర్థమైందా?" అనేదాన్ని. కోయిలకుంట్లలో మా అత్త ఇంటికి వెళ్లినప్పుడు, ఆమె వసారాలో కూర్చుని ఆ వీడియోను ఫేస్‌బుక్‌లో పెట్టాను. ఆదివారం సైట్ చూడ్డానికి రమ్మని రాసి, కింద లొకేషన్ కూడా జోడించాను. అది సైట్‌ను కాక నేను కూర్చున్న చోటును చూపిస్తుందని నాకు తట్టలేదు.

ఆదివారం పొద్దున్నే బనగానపల్లె బయట సైట్‌లో షామియానా వేయించి, క్యాను నిండా మజ్జిగ పెట్టుకుని నిలబడ్డాను. బయలుదేరామని చాలామంది మెసేజ్‌లు పెట్టారు. పదకొండైనా ఒక్కరూ రాలేదు. షామియానా వేసినాయన నా మీద జాలిపడి మూడు గ్లాసుల మజ్జిగ తాగాడు.

అప్పుడు అత్త ఫోన్ చేసింది.

"ఏమ్మా, ఎవరో కార్లలో వచ్చి మన ఇల్లు అడుగులేసి కొలుస్తాండారు. ఒకాయప్ప బాత్రూం తలుపు తీసి చూస్తాండాడు. నాకు చెప్పకుండా ఇల్లేమన్నా అమ్మినారా?"

వాళ్లను కూర్చోబెట్టమని చెప్పి స్కూటీ ఎక్కాను. వాళ్లు అత్తను ఏమంటారో అని ఒక భయం, అత్త వాళ్లను ఏమంటుందో అని ఇంకో భయం. రెండోదే ఎక్కువ.

వెళ్లేసరికి నాలుగు కుటుంబాలు వసారాలో చాపల మీద కూర్చుని బొరుగుల ఉగ్గాని తింటున్నాయి. అత్త వాళ్లకు నా ప్లాట్ల గురించి వివరిస్తోంది.

"మా కోడలు మంచిదేప్పా. ఆ నేలలోనే నీళ్లు పడవు. దాని పక్కనే మా తమ్ముడు మూడు బోర్లు ఏసినాడు, దుమ్ము తప్ప ఏం రాలేదు."

అందరూ నా వైపు తిరిగారు. నీళ్లకు కొదవ లేదని మేనేజరు చెప్పమంటే, కనుక్కోకుండానే వీడియోలో రెండుసార్లు చెప్పాను. అర్థమైందా అని కూడా అడిగాను. ఎప్పుడూ పిల్లల్ని నిలబెట్టేదాన్ని, ఆ రోజు గడపలో నేనే నిలబడ్డాను.

మూడు కుటుంబాలు ఉగ్గాని బాగుందని చెప్పి వెళ్లిపోయాయి. దర్జీ పని చేసుకునే ముస్లిం దంపతులు మాత్రం కదల్లేదు. ఆయన అత్తనే అడిగాడు: "అట్లయితే నీళ్లుండే ఇల్లు యాడుండాదో నువ్వే చెప్పమ్మా."

వెనక వీధిలో ఒక మాస్టారి ఇల్లు అమ్మకానికి ఉంది. ఆయన కడపకు మారుతూ తాళంచెవి అత్త చేతిలో పెట్టి వెళ్లాడు. అత్త తలుపు తీసి ముందు కొళాయి తిప్పింది. తర్వాత మిద్దె ఎక్కడ కారుతుందో, పక్కింటావిడ ఎంత గయ్యాళో, ఏదీ దాచకుండా చెప్పింది. ఇక ఈ బేరం కూడా పోయిందనుకున్నాను. దర్జీ భార్య కిటికీ దగ్గర చాలాసేపు నిలబడి, మిషను ఇక్కడ వేసుకుంటే వెలుతురు బాగుంటుందని భర్తతో అంది. నెల తిరక్కుండానే వాళ్లు ఆ ఇల్లు కొనుక్కున్నారు. అలా నా మొదటి బేరం కుదిరింది. అందులో నేను పలికిన మాట ఒక్కటీ లేదు.

సంగతి తెలిసి మేనేజరు మండిపడ్డాడు. నీళ్ల మాట ఇక నేను చెప్పనన్నాను. అయితే రావద్దన్నాడు.

ఇప్పుడు నేనూ అత్తా కలిసి పాత ఇళ్లు అమ్మిపెడుతున్నాం. వీడియోలో ఆమె మాట్లాడుతుంది, నేను ఫోన్ పట్టుకుంటాను. లోపాలతోనే మొదలుపెడుతుంది. ఆ మాట నమ్మి కర్నూలు నుంచి, కడప నుంచి ఫోన్లు చేస్తారు. ఇంటి యజమానులే కొంచెం వణుకుతారు. మొన్న ఒకాయన నన్ను పక్కకు పిలిచి, పెద్దమ్మను మిద్దె మీదికి మాత్రం పోనివ్వద్దని బతిమాలాడు. సరేనని నేను తలెత్తేసరికి, అత్త పైనుంచి నన్ను పిలుస్తోంది, పగులు శానా పెద్దదని, ఫోన్ తీసుకుని తొందరగా రమ్మని.