స్టీరింగ్‌కు తగిలించిన ఇత్తడి బిల్ల

మా మామ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నా చేతిలో కోసిన తీగ ఉంది. మామ అంటే మా ఆయన తండ్రి. కేజీఎఫ్ బంగారు గనుల ఊళ్ళో, గని కార్మికుల లైను ఇళ్ళలో మాదొకటి. ఇంటి ముందు రేకుల షెడ్డులో మామ కార్ల కరెంటు పని చేసేవారు, నేను పక్కన ఉండి చేసేదాన్ని. ఆ పొద్దున ఛాతీ పట్టేసిందని స్టూలు మీద కూర్చుండిపోతే, మా ఆయన ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆటో ఎక్కుతూ మామ నాతో అన్నది ఒక్క మాటే. "కోసిన తీగ అట్ల ఇడిసిపెట్టొద్దమ్మా. కలిపేయ్."

అందుకని కలుపుతూ ఉన్నాను. ఫోనులో మా ఆయన "నాయన పోయినాడు" అన్నారు. "సరే" అన్నాను. ఫోన్ పక్కన పెట్టి ఆ జాయింటు పూర్తి చేశాను. దానిమీదికి సన్న గొట్టం లాంటి ప్లాస్టిక్ స్లీవ్ జరిపి, వేడి చేసి, అది ముడుచుకుని తీగను పట్టుకునేదాకా చూశాను. తర్వాత చేతులు కడుక్కుని, ఇల్లు ఊడ్చి, వచ్చేవాళ్ళకు టీ నీళ్ళు పెట్టాను. ఏడుపు రాలేదు. కోడలు రాయిలా ఉందని చుట్టాలు అనుకునే ఉంటారు. వాళ్ళను తప్పుపట్టను, నాకూ అలాగే అనిపించింది.

ఆ తీగ షెడ్డులో ఉన్న కారుది, కారు బూదికోట రైతుది. ఇంజన్ మీద ఒక్కో ప్లగ్గుకు ఒక్కో ఇగ్నిషన్ కాయిల్ ఉంటుంది. కాయిల్‌కు కరెంటు తెచ్చే తీగల చివర ప్లాస్టిక్ కనెక్టర్, అది ఊడిపోకుండా పట్టి ఉంచే చిన్న నాలుక లాంటి లాక్ ఉంటాయి. ఏళ్ళ తరబడి ఇంజన్ వేడికి ఆ ప్లాస్టిక్ అప్పడంలా పెళుసుబారుతుంది. ఎవరో ఆత్రగాడు లాగితే విరుగుతుంది. ఈ కారులో అన్నీ విరిగే ఉన్నాయి. అంతకుముందు చూసిన మెకానిక్ వాటిని ట్యూబు రబ్బరుతో కట్టి పంపించాడు. గుంతలో దిగినప్పుడల్లా కనెక్టర్ కదిలేది, బండికి ఎక్కిళ్ళు పట్టుకునేవి. రైతు తల్లికి కిడ్నీలు పనిచేయవు. రక్తం శుభ్రం చేయించడానికి ఆమెను తమక అనే ఊరి దగ్గర ఆసుపత్రికి తీసుకెళ్తూ ఉంటే కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. "మళ్ళ పోయే రోజుకి బండి కావాలప్పా" అని ఆయన మామ చేతికి తాళాలు ఇచ్చి వెళ్ళారు.

ఇలాంటి పనిలో మామకు ఒక పట్టుదల ఉండేది. కొత్త కనెక్టర్ వేయాలంటే పాత తీగలన్నీ ఒకేసారి కోసెయ్యడం సులువు. ఆయన ఒప్పుకునేవారు కాదు. ఒక తీగ కోసి, దాన్ని కొత్తదానికి కలిపి, ఆ తర్వాతే రెండోదాని జోలికి వెళ్ళాలి. "అన్నీ కోసిపెట్టుకుంటే ఏది యాడిదో దేవునికే తెలియాల. ఆయనకి యేరే పన్లు ఉండాయి" అనేవారు. జాయింట్లన్నీ ఒకే చోట గడ్డలా రాకుండా ఒకటి పైన, ఒకటి కింద వేయించేవారు. నేను తొందరపడితే ఏమీ అనరు, నా చేతిలోంచి కత్తెర తీసుకుని బీడీ వెలిగించేవారు. బీడీ అయ్యేదాకా కత్తెర ఇవ్వరు.

కనెక్టర్ సరిగ్గా కూర్చుంటే టిక్కుమంటుంది. ఆ చప్పుడు మామకు వినపడేది కాదు. గనిలో డ్రిల్లుల మోత, పేలుళ్ళ మోత ఆయన చెవులను ఏనాడో తినేశాయి. అందుకని కనెక్టర్ నొక్కి నా ముఖం చూసేవారు.

"పలికిందా?"

"పలికింది మామా!" అని నేను అరవాలి. అరిచినా ఊరికే నమ్మరు, ఒకసారి మెల్లగా లాగి చూసుకుంటారు. రోజంతా మా షెడ్డులో ఇదే కేక. కొత్తగా వీధిలోకి వచ్చినవాళ్ళు మామా కోడళ్ళం పొద్దస్తమానం పోట్లాడుకుంటామని అనుకునేవారట.

ఇక ఆ బిల్ల సంగతి. గనిలో కరెంటు మనిషిగా ఉన్నప్పుడు ఆయనకు ఇచ్చిన ఇత్తడి బిల్ల అది. గని మూతపడ్డాక కూడా దగ్గరే ఉంచుకున్నారు. కింద కేబుల్ పట్టుకునే ముందు పైన స్విచ్ కట్టేసి, దానికి తన బిల్ల తగిలించి దిగాలట. పెట్టినవాడు వచ్చి తీసేదాకా ఆ స్విచ్ ఎవరూ ముట్టరాదు. కార్ల దగ్గరా అదే పద్ధతి. బ్యాటరీ తీగ విప్పగానే బిల్లను స్టీరింగ్‌కు వేలాడదీసేవారు. మెళ్ళో సిలువ, స్టీరింగ్‌కు బిల్ల, రెండూ లేనిదే బానెట్‌లో చెయ్యి పెట్టేవారు కాదు.

మా ఆయన రోజూ పొద్దున రైల్లో బెంగళూరుకు ఉద్యోగానికి పోయే మనిషి, ఈ పట్టింపులు ఆయనకు నవ్వులాట. ఒక సెలవు రోజు మామ భోజనం చేసి కునుకు తీస్తుంటే, ఎవరి కారో అడ్డంగా ఉందని బిల్ల తీసేసి, బ్యాటరీ కలిపి స్టార్ట్ చేసేశారు. ఇంజన్ మోత వినపడకపోయినా నేల అదిరినట్టు తెలిసిందేమో, మామ లేచి వచ్చారు. ఆయన కోపం నేను చూసింది ఆ ఒక్కసారే.

"బిల్ల తీసే ముందర నన్ను పిలిచినావా?"

"నువ్వు మంచం మీదనే ఉండావు కద నాయనా."

"యాడ ఉంటే ఏమి? పెట్టినోన్ని పిలవాల. జవాబు కోసరం నిలబడాల. పలికితే ముట్టగూడదు. పలక్కపోతేనే తీయాల."

"నీకు వినపడితే కదా!"

"ఇంగా గట్టిగా పిలువు."

మా ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. మామ నవ్వలేదు. పిలవకుండా స్విచ్ వేస్తే ఏమవుతుందో ఒకసారి చూశానని మాత్రం అన్నారు. ఎవరికి ఏమైందో చెప్పలేదు, మేమూ అడగలేదు.

మామను ఇంటికి తెచ్చిన రోజు, ఆయనతో ఒకే షిఫ్టులో పనిచేసిన పెద్దాయన వచ్చారు. షామియానా వేసేవాళ్ళు కారును పక్కకు తోయబోతే అడ్డుపడ్డారు. "బిల్ల ఉండాది, చూడలేదా? పెట్టినోడే తీయాల. ఎవురూ ముట్టొద్దండప్పా." అంతే, కారు చుట్టూ షామియానా వేశారు. పాస్టరుగారు కారుకు ఆనుకునే ప్రార్థన చేశారు. బూదికోట రైతు పూలదండ తెచ్చి పెట్టి, తన కారు పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డారు. కారు మాట ఎత్తలేదు. నేనే అడిగితే, "అమ్మను బస్సులో పిల్చుకుపోతాలేమ్మా" అన్నారు.

మూడోనాడు ఇంట్లో ప్రార్థన అయ్యాక రైతు మళ్ళీ వచ్చారు. తల్లిని బస్సులో కూర్చోబెట్టలేక వెనక్కి తీసుకెళ్ళిపోయారని, ఆమెకు ముఖం, కాళ్ళు వాచాయని ఎవరో నా చెవిలో చెప్పారు. నేను లేచి షెడ్డులోకి వెళ్ళాను. మిగిలిన తీగలు ఒక్కొక్కటే కోసి, ఒక్కొక్కటే కలిపాను. కనెక్టర్లు నొక్కాను. ప్రతీదీ టిక్కుమంది. అడిగేవాళ్ళు లేరు కాబట్టి చెప్పలేదు. లాగి మాత్రం చూశాను.

ఇక బిల్ల తీస్తేనే బ్యాటరీ కలపాలి. చెయ్యి చాపి ఆగిపోయాను. మా ఆయన దగ్గరికి వచ్చారు కానీ ఆయనా ముట్టలేదు. కుర్చీలో కూర్చున్న షిఫ్టు పెద్దాయన నన్నే చూస్తూ, "పిలువమ్మా" అన్నారు.

"మామా" అన్నాను. మూడు రోజులుగా ఇంట్లో అందరమూ గుసగుసలుగానే మాట్లాడుతున్నాం, పిలుపూ గుసగుసలాగే వచ్చింది. అంత చిన్నగా పిలిస్తే ఆయనకు ఏం వినపడుతుంది?

"మామా! బిల్ల తీసేదా?"

ఎదురింటివాళ్ళు తలుపు తీసి చూశారు. జవాబు కోసం నిలబడాలి కాబట్టి నిలబడ్డాను. రైతు తల వంచుకున్నారు. రేకు మీద కాకి నడిచిన చప్పుడు కూడా వినపడింది. మామ పలకలేదు. ఫోనులో విన్న మాట అప్పుడు నాకు చేరింది. స్టీరింగ్ పట్టుకుని ఏడ్చాను, బాగా ఏడ్చాను, ఎవరూ ఆపలేదు. తర్వాత బిల్ల తీశాను.

ఇంజన్ ఒక్క ఎక్కిలి లేకుండా తిరిగింది. రైతు నాకు దండం పెట్టి, తల్లి కోసం బూదికోట వైపు వెళ్ళిపోయారు. ఆ మూడు రోజులూ గాలికి, బంగారం తీసేశాక గనివాళ్ళు పారబోసిన మట్టి గుట్ట, సైనైడ్ దిబ్బ మీది దుమ్ము వచ్చి షెడ్డంతా పరుచుకుంది. కారు నిలబడిన చోట మాత్రం నేల నల్లగా, శుభ్రంగా మిగిలింది. ఆ అంచున స్టూలు, దాని కింద సగం కాలిన బీడీ ఉన్నాయి.